డాల్ఫిన్ తెలివిపై అరవై ఏళ్ల పంచాయితీ

2013 మేలో కేంద్ర జూ అథారిటీ రాష్ట్రాలకు ఒక సర్క్యులర్ పంపింది. వినోదం కోసం డాల్ఫిన్లను బంధించే పార్కులకు అనుమతి ఇవ్వొద్దని దాని సారాంశం. కోచి లాంటి చోట్ల అప్పటికే సన్నాహాలు జరుగుతున్నాయి. అయితే అందరి కళ్లూ పడింది అందులోని ఒక్క వాక్యం మీద. డాల్ఫిన్ల తెలివిని బట్టి వాటిని 'మనిషి కాని వ్యక్తులు'గా చూడాలని కొందరు శాస్త్రవేత్తలు సూచిస్తున్నారన్నది ఆ వాక్యం. ఇంకేముంది, భారత్ డాల్ఫిన్లకు వ్యక్తి హోదా ఇచ్చేసిందని ప్రపంచమంతా ప్రచారం. చట్టంలో మాత్రం అలాంటిదేమీ రాలేదు.

ఈ ఆలోచన వెనక్కి వెళ్తే అమెరికన్ డాక్టర్ జాన్ లిల్లీ దగ్గర తేలుతుంది. బాటిల్‌నోజ్ అనే జాతి డాల్ఫిన్ మెదడు సుమారు 1.6 కిలోలు, మనదానికన్నా కాస్త ఎక్కువే. దాన్ని చూసే ఆయన మనసు పారేసుకున్నారు. మరో పదీ ఇరవై ఏళ్లలో మనిషి వేరే జీవితో మాట్లాడతాడని 1961లో రాశారు. నాసా డబ్బులిచ్చింది. 1965లో వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ థామస్‌లో ఇంట్లోకి నీళ్లు నింపి, పీటర్ అనే డాల్ఫిన్‌తో మార్గరెట్ హౌ అనే యువతి పది వారాలు కాపురం ఉండి ఇంగ్లిష్ నేర్పబోయారు. పీటర్‌కు మాటలు రాలేదు. లిల్లీ మరికొన్ని డాల్ఫిన్లకు ఎల్‌ఎస్‌డీ అనే భ్రాంతులు కలిగించే మత్తుమందు ఇంజెక్షన్లు కూడా ఇచ్చారు. నిధులు ఆగాయి, పరువూ పోయింది.

అసలు సైన్స్ ఆ తర్వాతే మొదలైందని నా అభిప్రాయం. హవాయిలోని హోనొలులులో పరిశోధకుడు లూయిస్ హెర్మన్ డాల్ఫిన్ చేత మాట్లాడించే ప్రయత్నం మానేసి, దానికి ఎంత అర్థమవుతుందో చూశారు. అకియాకమాయ్ అనే ఆడ డాల్ఫిన్‌కు చేతి సైగలతో ఆదేశాలిచ్చేవారు. కళ్లతో హింట్ ఇవ్వకుండా శిక్షకులు నల్లటి గాగుల్స్ పెట్టుకునేవారు. 'మనిషి, సర్ఫ్‌బోర్డు, తీసుకెళ్లు' అంటే బోర్డును మనిషి దగ్గరికి చేర్చాలి. మొదటి రెండు సైగలూ తారుమారైతే మనిషినే బోర్డు దగ్గరికి తోయాలి. క్రియ చివర్లోనే, మన తెలుగులాగే! ఈ తేడాను అది పట్టుకోగలిగిందని 1984లో ప్రచురించారు.

2001లో న్యూయార్క్ అక్వేరియంలో డయానా రీస్, లోరీ మరీనో రెండు డాల్ఫిన్ల ఒంటి మీద రంగు గుర్తులు పెట్టారు. అవి అద్దం దగ్గరికెళ్లి ఒళ్లు తిప్పి మరీ ఆ గుర్తులు చూసుకున్నాయి. అద్దంలో ఉన్నది తామేనని గుర్తుపడతాయా అని చూసే పరీక్ష ఇది, అంతకుముందు చింపాంజీలు నెగ్గాయి. తర్వాత ఒక ఏనుగు, 2008లో మాగ్‌పై పక్షులు, 2019లో వేలెడంత క్లీనర్ రాస్ చేప కూడా నెగ్గాయి. దాంతో అసలు ఈ పరీక్ష దేన్ని కొలుస్తోందన్న గొడవ మొదలైంది.

మెదడు లెక్కా తేలలేదు. ఆ సైజు శరీరానికి మామూలుగా ఉండాల్సిన మెదడుతో పోల్చి చూస్తే మనిషికి దాదాపు 7 రెట్లు, బాటిల్‌నోజ్‌కు 4 రెట్లకు పైన, చింపాంజీకి 2.5 రెట్ల దాకా వస్తుంది. కానీ అంత పెద్ద మెదడు చల్లటి నీళ్లలో వెచ్చదనం కోసమేనని 2006లో పాల్ మాంజర్ అనే శాస్త్రవేత్త వాదించారు. మరీనో బృందం మరుసటి ఏడాదే గట్టిగా తిప్పికొట్టింది.

ఇంతకీ ఈ పేరున్న ప్రయోగాలన్నీ బాటిల్‌నోజ్‌ల మీద చేసినవే. మన జాతీయ జలచరం గంగా డాల్ఫిన్‌కు చూపు దాదాపు లేదు, శబ్దాల ప్రతిధ్వనితోనే దారి వెతుక్కుంటుంది. అద్దం పరీక్ష దానికి పెట్టడానికే కుదరదు.