బడిలో బ్యాడ్జీలు, ప్రత్యేక యూనిఫాంలు: అపోహలు – వాస్తవాలు

జూన్‌లో బడులు తెరిచేసరికి నెల్లూరు, ఒంగోలు కొట్లలో బ్యాడ్జీలకు ఆర్డర్లు పడతాయి. హెడ్మాస్టర్లు, పీఈటీలు (వ్యాయామ టీచర్లు) అంతకు ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

అపోహ: ఫస్టు ర్యాంకు పిల్లలకు వేరే రంగు చొక్కా వేయిస్తే మిగతావాళ్లకు పట్టుదల వస్తుంది.

వాస్తవం: 40 మంది ఉన్న క్లాసులో ఆ చొక్కా ఐదారుగురి మధ్యే తిరుగుతుంది. మిగిలినవాళ్లు నాలుగు పరీక్షలు కాకముందే ఆశ వదిలేస్తారు. బడి వదిలాక బజారులో కూడా ఎవరు వెనకబడ్డారో ఊరందరికీ తెలిసిపోతుంది. చైనాలోని షీఆన్‌లో 2011లో ఒక బడి వెనకబడ్డ పిల్లల మెడలో ఆకుపచ్చ కండువా వేయించి, విమర్శలు చెలరేగాక ఆపేసింది. మన విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. పైగా అదనపు జత కుట్టుకూలి కూలిపనికి వెళ్లే తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. యూనిఫాం అందరికీ ఒకటే ఉంచండి. గుర్తింపు బ్యాడ్జీతో ఇవ్వండి. నెల్లూరు ఎండలో బ్లేజరు మాట అసలే వద్దు.

అపోహ: బ్యాడ్జీ అంటే మార్కులకే.

వాస్తవం: స్కౌట్స్‌లో ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు అనే మెట్ల బ్యాడ్జీలు ఎలా ఇస్తారో చూడండి. చేయాల్సిన పనులు ముందే రాసి ఉంటాయి, పూర్తి చేసిన ప్రతి ఒక్కరికీ దక్కుతుంది. బడిలోనూ అంతే: పదహారో ఎక్కం వరకు తప్పు లేకుండా అప్పజెప్పడం, పోయిన నెల కంటే చదవడంలో మెరుగవడం. హాజరు బ్యాడ్జీతో మాత్రం జాగ్రత్త. మిరప కోతలకు అమ్మానాన్నల వెంట వెళ్లాల్సి వచ్చిన పిల్లల తప్పు అందులో ఏముంది?

అపోహ: ముందే ఆశ చూపిస్తే ఏ పనైనా ఇష్టంగా చేస్తారు.

వాస్తవం: 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడం ఇష్టమైన నర్సరీ పిల్లలతో ప్రయోగం చేశారు. బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించినవాళ్లు తర్వాత తమంతట తాము గీయడం బాగా తగ్గించేశారు. ముందు చెప్పకుండా ఇచ్చిన బహుమతి అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల రాలేదు. ఇష్టంగా కథల పుస్తకం పట్టుకునే బిడ్డకు బ్యాడ్జీ ఆశ పెట్టకండి.

అపోహ: బ్యాడ్జీ ఏదైనా ఒకటే.

వాస్తవం: కావలి, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ఇనుప పిన్ను తుప్పు పడుతుంది, తెల్ల చొక్కా మీద ఆ మరక వదలదు. స్టీలు పిన్ను అడగండి. రోజూ గుచ్చితే గుడ్డ చిరుగుతుంది కాబట్టి లోపలివైపు రెండంగుళాల కాన్వాసు ముక్క కుట్టించండి. ఒకటి, రెండు తరగతులకు పిన్ను వద్దు. అయస్కాంతం అసలే వద్దు: రెండు మింగితే పేగుల గోడలను మధ్యలో పెట్టి అతుక్కుని చిల్లు పెడతాయి. జేబు మీద వెల్క్రో మెత్తటి పట్టీ, బ్యాడ్జీ వెనక గరుకు పట్టీ సరిపోతాయి. ఎర్రదారం కుట్టు బ్యాడ్జీ అయితే ఒకటి తడిపి తెల్లగుడ్డ మీద నొక్కండి. రంగు దిగితే ఆ సరుకు వెనక్కిచ్చేయండి.

సోమవారం ప్రార్థనలో బ్యాడ్జీ పెట్టేటప్పుడు పేరుతో పాటు చేసిన పని కూడా చదవండి, ఆ సంగతే రిజిస్టరులో రాయండి. శనివారం తిరిగి తీసుకోండి. పోగొట్టిన బిడ్డ దగ్గర డబ్బులు కట్టించుకోకండి, నాలుగు బ్యాడ్జీలు ఎక్కువ చేయించి బీరువాలో ఉంచండి.