‘తదనంతరం ఆమె బిడ్డలకు’: ఒక వీలునామా వాక్యం వెనుక కథ

నెల్లూరు జిల్లాలో ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరైనా దస్తావేజు లేఖరి పక్కన కాసేపు కూర్చోండి. ‘నా కుమార్తె జీవితకాలమంతా అనుభవించి, తదనంతరం ఆమె సంతానానికి దానవిక్రయాది సర్వహక్కులతో చెందవలసినది’ అన్న వాక్యం ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. లేఖరి గడగడా చదువుతాడు, పెద్దాయన తలూపుతాడు, బొటనవేలికి సిరా పూస్తారు. కూతురికి సూటిగా రాసివ్వకుండా ఈ మెలిక ఎందుకని అడిగేవాళ్లు తక్కువ.

పాత హిందూ ధర్మశాస్త్రంలో పెళ్లయిన కూతురికి ఉమ్మడి ఆస్తిలో వాటా లేదు. తండ్రి వేరుపడి సంపాదించినదైనా కొడుకులూ భార్యా లేకపోతేనే ఆమెకు వచ్చేది, అదీ అనుభవించడానికే. మిగిలింది పసుపు కుంకుమ. పెళ్లినాడు ఎకరమో అరెకరమో నోటిమాటగా అనేవాళ్లు. స్థిరాస్తి దానానికి రిజిస్టరు కాగితం, ఇద్దరు సాక్షులు ఉండాలని 1882లోనే చట్టం చెప్పినా పెళ్లిపందిట్లో దాన్ని పట్టించుకున్నదెవరు? అన్నదమ్ములు మంచివాళ్లయితే ఆ చేను నిలిచేది. కొడుకుల్లేని రెడ్ల, కమ్మవారి ఇళ్లలో ఇల్లటపుటల్లుణ్ణి తెచ్చుకునే ఆచారాన్ని మద్రాసు కోర్టులు ఒప్పుకున్నాయి. అక్కడా ఆస్తి అల్లుడిదే.

వీలునామా కూడా అంత పాతది కాదు. నెల్లూరులాంటి జిల్లాల్లో హిందువుల వీలునామా 1927కి ముందు నోటితో చెప్పినా చెల్లేది. ఆ ఏడాది జనవరి 1 నుంచి రాసేవాటికే రాత, సంతకం, ఇద్దరు సాక్షులు తప్పనిసరి అయ్యాయి. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను వీలునామాగా రాసే వీలు తండ్రికి 1956 హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్‌తో వచ్చింది.

‘జీవితకాలం’ అన్న మాటను దేశమంతా తిరగేసిన కేసు నెల్లూరుదే. వి. తులసమ్మ భర్త 1931లో పోయాడు. మనోవర్తి కోసం ఆమె 1944లో నెల్లూరు జిల్లా మున్సిఫు కోర్టుకెక్కింది. 1949లో భర్త సవతి సోదరుడితో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకిచ్చారు గానీ బతికినన్నాళ్లు అనుభవించడమే, అమ్మకూడదన్నారు. 1960, 61లలో ఆమె కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మేసింది. చెల్లదని ఆ సోదరుడు దావా వేశాడు. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు తేల్చింది: మనోవర్తి ఆమెకు ముందునుంచీ ఉన్న హక్కు, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి పూర్తిగా ఆమెదే, షరతు నిలవదు.

అందుకే భార్యకు రాసేటప్పుడు ‘జీవితకాలం’ అన్న మాటకు బలం తక్కువ. కాపురం చేసుకుంటున్న కూతురికి తండ్రి దగ్గర పోషణ హక్కు ఉండదు కాబట్టి ఆమె విషయంలో అదే 1956 చట్టం 14(2) సెక్షన్ కింద ఆ షరతు మామూలుగా నిలుస్తుంది. భర్త పోయి పుట్టింటికి చేరిన బిడ్డ సంగతి వేరు.

ఇంతకీ మెలిక ఎందుకంటే, అల్లుడి మీద భయం. సర్వహక్కులతో ఇచ్చాక కూతురు వీలునామా రాయకుండా పోతే ఆ ఆస్తిలో పిల్లలతో సమానంగా భర్తకూ వాటా వస్తుంది. అతను మళ్లీ పెళ్లి చేసుకుంటే? ఈ మాట పైకి అనరు. కానీ రేపు ఆమెకే ఆపరేషన్ అవసరమైతే ఆ చేను అమ్ముకోలేదు. మనవల మీద ప్రేమతో కూతురి చేతులు కట్టేయడమేనని నా అభిప్రాయం.

ఆ చట్టానికి ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చింది. ఆలోపే పెళ్లయినవాళ్లకు మాత్రం లేదంది. ఒకే ఇంట్లో 1984లో అత్తారింటికి వెళ్లిన అక్కకు పుట్టుకతో వచ్చే ఆ వాటా లేదు, చెల్లెలికి ఉంది. అక్కకూ చెల్లెలితో సమానంగా ఇవ్వాలంటే తండ్రికి వీలునామా, దానపత్రమే దిక్కయ్యాయి. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

30వ సెక్షన్ ఇచ్చిన వీలునామా హక్కు మాత్రం అలాగే ఉంది. స్వార్జితమైన రొయ్యల చెరువూ, ఉమ్మడిలో తన వాటా కొడుకులకే రాసిపోయే తండ్రికి అడ్డం లేదు. ఒకప్పుడు కూతురికి ఇవ్వడానికి పనికొచ్చిన కాగితమే ఇప్పుడు ఎగ్గొట్టడానికీ పనికొస్తోంది.

వీలునామాను రిజిస్టరు చేయించినా, తగాదా వస్తే సాక్షుల్లో బతికున్న ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. ఎనభై ఏళ్ల పెద్దాయన సాక్షులుగా వెంటబెట్టుకొచ్చేది తరచూ తన ఈడు స్నేహితులనే.