ఒకే సంచి, రెండు రకాల పాలు

టీవీలో కంగారూని చూస్తూ మా అన్నయ్య కూతురు అడిగింది: "బాబాయ్, సంచిలో ఒక పిల్ల, బయట గెంతుతూ ఇంకో పిల్ల. రెండూ ఒకే పాలు తాగుతాయా?" అవునని చెప్పబోయి ఆగాను. తాగవు. ఆస్ట్రేలియా జంతువులన్నిటిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచే సంగతి ఇదే.

ఎర్ర కంగారూ కడుపులో పిల్ల ఉండేది 33 రోజులే. పుట్టినప్పుడు చిక్కుడు గింజంత, బరువు ఒక గ్రాము కూడా ఉండదు. వెనక కాళ్లు ఇంకా మొగ్గలే. ముందు కాళ్లతో తల్లి బొచ్చు పట్టుకుని పాకుతూ సంచిలోకి చేరి, నాలుగు చన్నుల్లో ఒకదాన్ని నోట కరుచుకుంటుంది. చన్ను కొన నోట్లోనే ఉబ్బిపోతుంది, ఇక ఊడిరాదు. 1629లో ఆస్ట్రేలియా పశ్చిమ తీరపు దీవుల్లో ఓడ పగిలి చిక్కుకున్న డచ్చి అధికారి పెల్సార్ట్, కంగారూలకు చిన్న చుట్టాలైన వాలబీలను చూసి, పిల్లలు చన్నులోంచే మొలుస్తాయని రాశాడు. అతన్ని చూసి నవ్వడం తేలికే గానీ, సంచి తెరిచి చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఇక పాలు. చిన్న పిల్ల తాగేవి పల్చగా, చక్కెరలు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉంటాయి. బయట తిరిగే పిల్ల తన పాత చన్నులోంచే తాగుతుంది. ఆ పాలు చిక్కగా, కొవ్వు పట్టి ఉంటాయి. మన ఆవు ఈనిన కొత్తలో జున్నుపాలు ఇచ్చి మామూలు పాలకు మారినట్టే ఇదీ, కాకపోతే ఇక్కడ మార్పు నెలల తరబడి సాగుతుంది, పైగా ఒక్కో చన్నుకూ విడివిడి లెక్క. పక్కపక్క పాల గ్రంథులు, వాటికి అందే రక్తం ఒకటే, అందులోని హార్మోన్లూ ఒకటే!

పాడి ఉన్నవాళ్లకు చేపడం, అంటే పాలు దిగడం, తెలుసు. దూడ కుడిస్తే ఆవు చేపుతుంది. ఆ పని చేయించేది ఆక్సిటోసిన్ అనే హార్మోన్. కంగారూలలో దాని బదులు మీసోటోసిన్ ఉంటుంది. చిన్న పిల్ల మెల్లగా, ఆపకుండా చీకుతుంటే ఆ హార్మోన్ కాస్తే విడుదలవుతుంది. చిన్నదాని గ్రంథి ఆ కాస్తకే చేపుతుంది, పెద్దదాని గ్రంథి కదలదు. పెద్ద పిల్ల వచ్చి గట్టిగా కుడిస్తే హార్మోన్ ఒక్కసారిగా పెరిగి అదీ చేపుతుంది. వాలబీల మీద ఒక ప్రయోగం చేశారు. చిన్న పిల్లను తీసి, పెద్ద పిల్లకు పాలిస్తున్న తల్లికి తగిలించారు. పిల్ల మామూలు కంటే వేగంగా పెరిగింది. అంటే ఎప్పుడు ఏ పాలు ఇవ్వాలనేది చాలావరకు తల్లి గ్రంథే నడుపుతుంది.

సంచి జంతువులకు మాయ, అంటే కడుపులో పిల్లను పోషించే ప్లాసెంటా, ఉండదని బళ్లో మాకు చెప్పారు. అది తప్పు. ఉంటుంది, కాకపోతే కొద్దిరోజులే. మనలో మాయ నెలల పాటు చేసే పనిని వాటిలో పాలు చేస్తాయి. ఇది వెనకబాటు కాదు, వేరే దారి. వీటి పూర్వీకులు దక్షిణ అమెరికా నుంచి అంటార్కిటికా మీదుగా నడిచొచ్చాయి. క్వీన్స్‌లాండ్‌లోని మర్గన్ దగ్గర దొరికిన శిలాజాల వయసు 5.5 కోట్ల ఏళ్లు. తర్వాత దారి తెగింది. మన నేలా, ఒకప్పుడు ఇవన్నీ కలిసి ఉన్న గోండ్వానా అనే మహాఖండం ముక్కే, కానీ వెళ్లి ఆసియాను గుద్దుకోవడంతో ఇక్కడ అన్ని రకాలూ కలిసిపోయాయి. ఆస్ట్రేలియాకు గబ్బిలాలు ఎగిరొచ్చాయి, ఎలుకలు చాలా ఆలస్యంగా చేరాయి.

ఇదంతా చెప్పాక మా పిల్ల ఇంకోటి అడిగింది: "మరి కడుపులో?" అక్కడా ఒకటి ఉంటుంది. వంద కణాల లోపు ముద్దగా, ఎదగడం ఆపేసి, సంచి ఖాళీ అయ్యే సమయం దగ్గరపడేదాకా.