పెద్ద సంఖ్యలపై అపోహలు - వాస్తవాలు: మన వైజాగ్ పిన్‌కోడ్‌లతో

ద్వారకానగర్‌లో పోటీ పరీక్షలకు లెక్కలు చెబుతుంటాను. పెద్ద సంఖ్య కనబడితే కొందరు పిల్లలు టెన్షన్ పడతారు, ఇంకొందరు చూడగానే తేల్చేస్తారు. మార్కులు ఎక్కువగా పోయేది రెండో రకానికే. అందుకే అందరికీ నోటికొచ్చిన మన పిన్‌కోడ్‌లనే బోర్డు మీద రాస్తాను.

అపోహ: చివర 1, 3, 7, 9 ఉండి, చిన్న సంఖ్యలతో భాగం పోకపోతే అది ప్రధాన సంఖ్యే (అంటే 1తో, తనతో తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోనిది).

ఆంధ్రా యూనివర్సిటీ పిన్‌కోడ్ 530003 చూడండి. అంకెల మొత్తం 11, కాబట్టి 3తో పోదు. 7తో భాగిస్తే 5 మిగులుతుంది, 11తో 1, 13తో 6. చాలామంది ఇక్కడే ఆపి ‘ప్రధాన సంఖ్య’కు టిక్ పెట్టేస్తారు. 53 దగ్గర ఆశ పుడుతుంది, 530000 అంటే సరిగ్గా 53 పదివేలు కదా. కానీ 3 మిగిలిపోతుంది. ఓపిగ్గా వెళ్తే వరుసలో 113వ ప్రధాన సంఖ్య 617తో నిశ్శేషంగా పోతుంది: 617 × 859 = 530003. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే. తొందరపాటును ఇంత బాగా పట్టించే సంఖ్య మన ఊళ్లోనే ఉండటం నాకెంతో ఇష్టం.

అపోహ: ప్రధాన సంఖ్య అని తేల్చాలంటే సగం దాకా భాగించి చూడాలి.

వర్గమూలం దాకా చాలు. రెండు కారణాంకాలూ వర్గమూలాన్ని మించితే లబ్ధం అసలు సంఖ్యను దాటిపోతుంది. ఎంవీపీ కాలనీ 530017 వర్గమూలం 728 పైన కాస్త. అంతలోపు ప్రధాన సంఖ్యలు 129. ఒక్కదానితోనూ పోదు, కాబట్టి ఇది ప్రధాన సంఖ్య.

అపోహ: సంఖ్య పెద్దదైతే కారణాంకాలూ ఎక్కువ.

ఆ 530017కి రెండే. దాని ముందున్న ద్వారకానగర్ 530016 = 2⁵ × 3 × 5521. దీనికి 24.

అపోహ: అంకెల మొత్తంలో సంఖ్య గుణం తెలుస్తుంది.

కలిసొచ్చే అంకెల మొత్తం కోసం బండి నంబర్లకు ఎంత డబ్బు పెడతారో! అంకెల మొత్తం చెప్పేది 3తో, 9తో భాగిస్తే వచ్చే శేషం గురించే.

అపోహ: కారణాంకాలు దొరికితేనే సంయుక్త సంఖ్య (ప్రధానం కానిది) అనగలం.

2⁶⁷ − 1లో 21 అంకెలు. 1644లో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో వేశాడు. 1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకాస్ ఒక్క కారణాంకమూ చూపకుండానే కాదని నిరూపించాడు. 193707721 × 761838257287 అని అమెరికన్ గణితజ్ఞుడు కోల్ చూపింది 1903లో. తేల్చడం వేరు, విడదీయడం వేరు. ఏ సంఖ్యనైనా ప్రధానమో కాదో సమర్థంగా, సందేహం లేకుండా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో అగ్రవాల్, కయాల్, సక్సేనా ఇచ్చారు. విడదీయడానికి మామూలు కంప్యూటర్లలో అలాంటి వేగవంతమైన పద్ధతి ఇంకా దొరకలేదు. విడదీయమని సవాలుగా ఇచ్చిన ఆర్‌ఎస్‌ఏ (రహస్య సంకేతాల పద్ధతి) సంఖ్యల్లో 250 అంకెలది విడిపోయింది 2020లోనే.