ట్రామ్ ఆగిన ఆ కాసేపు

చిన్నారులకు,

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో యూదు పిల్లల్ని అటకల మీద, పశువుల కొట్టాల్లో దాచారని మీరు చదివి ఉంటారు. దాచే చోటు వెతకడం తర్వాతి సంగతి. అంతకుముందు ఆ పిల్ల పేరును కాగితాల్లోంచి తీసెయ్యాలి. ఆ పని ఎలా జరిగిందో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఉదాహరణగా చెబుతాను.

1940 మేలో జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించింది. మరుసటి ఏడాది యూదులందరి పేర్లూ రాయించుకున్నారు. 1942 మే నుంచి ఆరేళ్ళు నిండిన ప్రతి యూదు బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాల్సి వచ్చింది. ఆ జులైలో యూదుల్ని ఎక్కించుకుని రైళ్ళు బయల్దేరాయి. ముందు వెస్టర్‌బోర్క్ శిబిరానికి, అక్కణ్ణుంచి తూర్పున ఉన్న మరణ శిబిరాలకు. పట్టుకొచ్చినవాళ్ళను రైలెక్కించే దాకా ప్లాంటేజ్ మిడెన్‌లాన్ వీధిలోని ఒక పాత నాటకశాలలో కుక్కేవారు. చిన్నపిల్లల గోల భరించలేక వాళ్ళను రోడ్డుకు అవతలున్న శిశువిహార్‌కు పంపేవారు. పిల్లల్ని తప్పించే దారి అక్కడ దొరికింది.

నాటకశాలలో పేర్ల నమోదు చూసేది వాల్టర్ జుస్‌కిండ్. శిశువిహార్ నడిపేది హెన్రియెట్ పిమెంటెల్. ఇద్దరూ యూదులే. రైలెక్కే రోజు అమ్మానాన్నల పేర్లతో పాటు పిల్లల పేర్లూ పిలుస్తారు. లెక్కలో ఒక్కరు తగ్గినా కాపలావాళ్ళు వెతుకుతారు. అందుకని ముందుగా ఆ పిల్ల పేరున్న కార్డును పెట్టెలోంచి మాయం చేసేవారు. కార్డు లేకపోతే అడిగేవాళ్ళు ఉండరు.

కార్డు తీయడానికి ముందు అమ్మానాన్నల్ని అడగాలి. అడగకుండా తీసుకెళ్ళే పద్ధతి లేదు. ఆలోచించుకోవడానికి వాళ్ళకు దొరికేది ఒక్కోసారి ఒక్క రాత్రే. బిడ్డ ఏ ఊరు వెళ్తుందో, ఎవరింట్లో పెరుగుతుందో వాళ్ళకు చెప్పేవారు కాదు. చెబితే, దెబ్బలకు తాళలేక బయటపెట్టే ప్రమాదం ఉంది. చాలామంది వద్దన్నారు. పని శిబిరానికి పంపుతున్నారనుకున్నారు, కలిసుంటే చాలనుకున్నారు. వాళ్ళను తప్పుపట్టకండి. సరే అన్న తల్లి చంటిబిడ్డను వదులుకుని, దుప్పట్లో చుట్టిన బొమ్మను ఎత్తుకుని రైలెక్కేది. చేతుల్లో బిడ్డ లేకపోతే కాపలావాడికి అనుమానం వస్తుంది మరి.

ఇక పిల్లను బయటికి తేవడం. నాటకశాల గుమ్మంలో కాపలా ఉంటుంది, వాళ్ళ చూపు ఎదురుగా శిశువిహార్ తలుపు మీదే ఉంటుంది. మధ్యలో ట్రామ్ పట్టాలు. ట్రామ్ వచ్చి ఆగితే కాసేపు ఆ తలుపు కనబడదు. బిడ్డను వీపుసంచిలోనో బట్టల బుట్టలోనో పెట్టుకున్న మనిషి సరిగ్గా అప్పుడే బయటికొచ్చి, ట్రామ్ పక్కనే నడుచుకుంటూ పోయేవారు. బిడ్డ ఏడ్చిందా, అంతా పోయినట్టే.

రెండో దారి పెరటి వైపు. శిశువిహార్ పక్కనే ఉపాధ్యాయ శిక్షణ కళాశాల. పెరటి కంచె మీదుగా పిల్లల్ని అటు అందిస్తే, ప్రిన్సిపాల్ యోహాన్ వాన్ హుల్స్ట్ లోపల దాచి, రహస్యంగా పనిచేసే విద్యార్థుల బృందాలకు అప్పగించేవారు. ఇలా సుమారు 600 మంది పిల్లలు బతికారు.

ఆ తర్వాత పల్లెలు. బంగారు రంగు జుట్టు పిల్లల్ని ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌కు, నల్లజుట్టు వాళ్ళను దక్షిణాన లిమ్‌బర్గ్‌కు పంపేవారు. ఎక్కడి జనంలో కలిసిపోతారో అక్కడికన్నమాట. గుర్తింపు కార్డు పదిహేనేళ్ళు దాటినవాళ్ళకే అడిగేవారు కాబట్టి చిన్నపిల్లలు వీధిలోకి రాగలిగారు. ఇరుగుపొరుగు అడిగితే, బాంబులు పడ్డ రోటర్‌డామ్ నుంచి వచ్చిన మేనకోడలనేవారు. కొత్త పేరు, కొత్త ప్రార్థన, భోజనం ముందు చేసే శిలువ గుర్తు, అన్నీ నోటికి రావాలి. నిద్రలో లేపి పేరడిగినా కొత్త పేరే చెప్పాలి.

బెడిసికొట్టేది చిన్న చిన్న చోట్లే. తిండి రేషన్ కూపన్ల మీద దొరికేది, దాచిన బిడ్డకు కూపన్లు ఉండవు. వాటికోసం, జర్మన్లను రహస్యంగా ఎదిరించే ప్రతిఘటన దళాలు రేషన్ కార్యాలయాల మీదే పడేవి. ఆటలో అసలు పేరు నోరుజారినా, ఆమ్‌స్టర్‌డామ్ యాస బయటపడినా, రాత్రికి రాత్రే ఇల్లు మార్చాలి. 1943లో యూదుల్ని పట్టిచ్చే ముఠాకు తలకు ఏడున్నర గిల్డర్లు (అప్పటి ఆ దేశపు డబ్బు) ఇచ్చేవారు. పసిపిల్లల తలకూ అంతే.

పిమెంటెల్‌ను 1943 జులైలో తీసుకుపోయి సెప్టెంబరులో ఆష్విట్జ్ మరణ శిబిరంలో చంపేశారు. అదే సెప్టెంబరు 29న శిశువిహార్‌ను ఖాళీ చేయించారు. ఆ ఆఖరి రోజుల్లో వాన్ హుల్స్ట్ తనతో తీసుకెళ్ళగలిగింది 12 మందినే. మిగిలినవాళ్ళు ఆయన కళ్ళముందే ఉండిపోయారు. జుస్‌కిండ్ 1945లో చనిపోయారు. 

1945 మే 5న దేశానికి విముక్తి వచ్చింది. దాగి బతికిన పిల్లల్లో సుమారు 2,000 మందికి అమ్మానాన్నలు తిరిగి రాలేదు. వాళ్ళను చుట్టాలకివ్వాలా, పెంచినవాళ్ళ దగ్గరే ఉంచాలా అని ప్రభుత్వం వేసిన సంఘంలో ఏళ్ళ తరబడి వాదోపవాదాలు నడిచాయి. అమ్మ తిరిగొచ్చిన ఇళ్ళలోనూ తేలికేం కాలేదు. రెండేళ్ళప్పుడు వెళ్ళిన బిడ్డకు ఇప్పుడు నాలుగేళ్ళు. గుమ్మంలో నిలబడి అమ్మ అసలు పేరుతో పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆ బిడ్డ పెంచినమ్మ కొంగు చాటుకు వెళ్ళిపోయేది.