దంతపురం తవ్వకాలు: పాంపే ఉదాహరణలో వదిలేస్తున్న భాగం

దంతపురం కోటను తవ్వాలన్న మాట మళ్లీ లేచింది. ఇటలీలోని ప్రాచీన నగరం పాంపేలో కొత్త గదో, కొత్త చిత్రమో బయటపడ్డప్పుడల్లా శ్రీకాకుళంలో ఈ చర్చ మొదలవుతుంది. బూడిద కింది ఊరిని వాళ్లు ఇప్పటికీ తవ్వుకుంటుంటే, మన కళింగ నగరాన్ని మనమెందుకు వదిలేశామన్నది ప్రశ్న. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై ఊరు బూడిదలో కూరుకుపోవడం, 1748లో తవ్వకాలు మొదలవడం అందరికీ తెలిసిన కథే. ఇప్పటి చర్చకు పనికొచ్చేది మాత్రం 2010 నవంబరు 6న జరిగిన సంగతి.

ఆ ఉదయం సందర్శకులు రాకముందే, పాంపేలో గ్లాడియేటర్ల (పోటీల్లో కత్తులతో తలపడే రోమన్ యోధుల) ఇల్లుగా పేరుపడ్డ భవనం కుప్పకూలింది. అంతకుముందు గట్టి వానలు పడ్డాయి. ఆ భవనాన్ని 20వ శతాబ్దం మొదట్లో తవ్వితీశారు. 1943లో మిత్రరాజ్యాల బాంబులకు దెబ్బతింటే మళ్లీ నిలబెట్టి, పైన కాంక్రీటు కప్పు వేశారు. పైనుంచి ఆ బరువు, వెనక నానిన మట్టి ఒత్తిడి. బూడిద కింద పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా నిలిచిన కట్టడం, బయటికొచ్చాక వందేళ్లయినా ఉండలేదు.

ఇటలీ దారి మార్చుకున్నది ఆ దెబ్బతోనే. 2012లో యూరోపియన్ యూనియన్ సాయంతో 105 మిలియన్ యూరోల ప్రాజెక్టు పెట్టారు. అందులో ముందు చూసుకున్నది వాననీరు పోయే దారులు, ఒరిగిన గోడలు, తవ్వని భాగం అంచున నిలువుగా ఉన్న మట్టికట్టలు. ఆ కట్టల వాలు సరిచేసే పనిలోంచే ఓ తిండి కొట్టు బయటపడింది. 2020 చివర్లో లోకమంతా దాని ఫొటోలు చూసింది. అరుగు మీద తలకిందులుగా వేలాడే బాతుల బొమ్మలు, గొలుసు కట్టిన కుక్క. కుండల్లో బాతు, పంది, మేక, చేప, నత్తల అవశేషాలు. తవ్వాలనేవాళ్లు ఈ కొట్టునే చూపిస్తారు. అది ఏ పని చేస్తుంటే దొరికిందో చెప్పరు. సుమారు 163 ఎకరాల పాంపేలో దాదాపు మూడో వంతు ఇప్పటికీ మట్టి కిందే ఉంది. దాన్ని చాలావరకు కావాలనే అలా ఉంచారు.

సరుబుజ్జిలి మండలంలోని దంతపురానికి బూడిద రక్షణ కూడా లేదు. ఉన్నది మట్టి కోటగట్టు, లోపల పొలాలు. రాష్ట్ర పురావస్తు శాఖ గతంలో కొంతమేర తవ్వింది. బుద్ధుని దంతం సింహళానికి వెళ్లింది ఇక్కడి నుంచేనని మనవాళ్లు, పూరీ నుంచి అని ఒడిశావాళ్లు అంటారు. ఇది తేలాలంటే తవ్వకాలే దారి అనేవారి మాట కాదనలేం. పర్యాటకం పెరుగుతుందన్న ఆశా తప్పు కాదు. కానీ మట్టిగట్టును కోసి అలాగే వదిలేస్తే వానలకు గండ్లు పడతాయి. పాటిమట్టిని, అంటే పాత ఊరి దిబ్బల మట్టిని, పొలాలకు తోలుకోవడం మన పల్లెల్లో పాత అలవాటే కూడా.

దగ్గరలోనే శాలిహుండం అనే పాత బౌద్ధ క్షేత్రం ఉంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులు వెలుగులోకి తెచ్చిన ఆ కొండ మీద స్ఫటిక భరిణెలు, బంగారు పూలు దొరికాయి. స్తూపాల ఇటుకలు మాత్రం వంశధార ఒడ్డున ఎండకీ, తిత్లీ లాంటి తుపాన్లకీ ఎదురుగా ఉన్నాయి.

అందుకే ముందు కోటగట్టు హద్దులు కొలిచి రాళ్లు పాతాలి. లోపల సాగు చేసుకుంటున్న రైతులతో తేల్చుకోవాలి. గుంత తవ్వే అంచనాలోనే దాన్ని తిరిగి కప్పే ఖర్చు, కాపలాదారు జీతం, నివేదిక అచ్చు ఖర్చు చేర్చాలి. శాలిహుండంలో 1950లలో జరిగిన తవ్వకాల మీద పురావస్తు శాస్త్రవేత్త ఆర్.సుబ్రహ్మణ్యం నివేదిక 1964లో అచ్చయింది. అక్కడ ఏం దొరికిందో ఇవాళ మనం చెప్పుకోగలుగుతున్నది ఆ పుస్తకం ఉండబట్టే.