గాటు మానింది, గొంతు ఎండుతోంది

పర్లాకిమిడిలో మా తమ్ముడు పెంచుకుంటున్న కుక్కపిల్ల బిస్కెట్టు అందుకోబోయి అతని చూపుడు వేలిని పంటితో గీరింది. వెంట్రుకంత సన్నని ఎర్ర గీత. నెత్తురు రాలేదు. మర్నాటికి ఆ గీత ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. కానీ నాలుగో రోజు రాత్రి, రెండు గంటల వేళ, వంటింట్లో లైటు వెలుగుతోందని లేచి వెళితే తమ్ముడు నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక గుటక వేస్తాడు, ఆగుతాడు, గొంతు తడిమి చూసుకుంటాడు, మళ్లీ ఇంకో గుటక. నన్ను చూసి, "అక్కా, మింగుడు పడటం లేదు" అన్నాడు.

అతనికి దాహం లేదు. ఆ నీళ్లు తనను తాను పరీక్షించుకోవడానికి తాగుతున్నాడు.

ఆ పరీక్షను అతనికి నేర్పింది ఒక మాట. మా గజపతి జిల్లాలో తెలుగు కుటుంబాలకు ఇంట్లో తెలుగు, బడిలోనూ ఆఫీసుల్లోనూ ఒడియా. తెలుగులో ఈ జబ్బును రేబిస్ అంటాం, లేకపోతే పిచ్చికుక్క కాటు అని ఊరుకుంటాం. ఒడియాలో దీని పేరు జలాతంక. జలమంటే ఆతంకం, నీళ్లంటే భయం. ఇంజక్షనుకు వెళ్లినప్పుడు ఆసుపత్రి గోడ మీద ఆ పేరు చదివాడు. ఇక నీళ్లు తాగగలుగుతున్నానా లేదా అని ఇంటికొచ్చి చూసుకోకుండా ఎలా ఉంటాడు?

నేను పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని. "ఏమీ కాదు, పడుకో" అనడం నాకు తేలికే. కానీ ఆ భయాన్ని కొట్టిపారేయడం అన్యాయం. లక్షణాలు మొదలయ్యాక రేబిస్ నుంచి బయటపడినవారు దాదాపు లేరు. భారత వైద్య పరిశోధనా మండలి పరిశోధకుల ఇటీవలి అంచనా ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 91 లక్షల మంది జంతువుల కాటుకు గురవుతున్నారు, సుమారు 5,700 మంది రేబిస్‌తో చనిపోతున్నారు. వీరిలో అత్యధికులు సకాలంలో పూర్తి చికిత్స అందనివారే. మిగిలిన లక్షల మంది గురించి ఎవరూ కథలు చెప్పరు. కాటు పడి, సూది వేయించుకుని, మామూలుగా బతుకుతున్న మనిషి గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది? అందుకే మన చెవిన పడేవన్నీ చావు కబుర్లే. మా అమ్మ కూడా తమ్ముడికి అలాంటిదే ఒకటి చెప్పింది, జాగ్రత్తగా ఉంటాడని.

భయపడేవారికి ఈ వైరస్ నడక తెలిస్తే కొంత మేలు జరుగుతుంది. రేబిస్ వైరస్ నెత్తురులో పారి ఒళ్లంతా పాకేది కాదు. కాటు పడినచోట కండలో కొంతకాలం ఉండి, అక్కడి నరాన్ని పట్టుకుని, దాని వెంట మెల్లగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. వారం నుంచి ఏడాది వరకు కూడా పట్టవచ్చు. ముఖం మీదో మెడ మీదో కాటు పడితే దారి దగ్గర కాబట్టి ప్రమాదం ఎక్కువ. ఆ ప్రయాణం పూర్తి కాకముందే దాన్ని ఆపేయగల వ్యవధి మనకు దొరకడమే ఈ జబ్బులో మన అదృష్టం. 1885 జులైలో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల కుర్రాడు జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేయగలిగింది కాటు పడిన తరువాతే.

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అనే సామెత మాట్లాడుకోవడానికి బాగుంటుంది. కుక్క కాటుకు అసలు దెబ్బ సబ్బు. ఈ వైరస్ పైపొర కొవ్వుతో చేసినది, సబ్బు దాన్ని చీల్చేస్తుంది. ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలు ఎంత పొడుగో కుళాయి దగ్గర నిలబడితే గాని తెలియదు, చాలామంది రెండు నిమిషాలకే ఆపేస్తారు. పసుపు, కారం, సున్నం మాత్రం పూయకూడదు. నెత్తురు రాని గీరు అయితే కడిగి టీకా వేయించుకోవాలి. చర్మం తెగి నెత్తురు వస్తే టీకాతో పాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్, అంటే ముందే తయారైన ప్రతిరక్షకాల మందు కూడా వేస్తారు. టీకా వల్ల శరీరం సొంతంగా రక్షణ తయారు చేసుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఆ లోటును ఇమ్యునోగ్లోబులిన్ పూడుస్తుంది. గాయంలేని చర్మాన్ని పెంపుడు కుక్క నాకితే కడుక్కుంటే చాలు. ఏ కోవలోకి వస్తుందో చూసి చెప్పవలసింది వైద్యులు. మన దీపపు వెలుగులో మనం తేల్చుకునే విషయం కాదది.

తమ్ముడు మొదటి రోజే ఇవన్నీ చేశాడు. అయినా అతని ప్రశ్నలు ఆగలేదు. పాతపట్నంలో ఉన్న మా బావ ఫోనులో, "నాకు అయిదు సూదులు వేశారు, నీకు నాలుగేనా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో రెండు రాత్రులు పోయాయి. నిజానికి రెండు పద్ధతులూ సరైనవే. మొదటి సూది వేసిన రోజును 0 అనుకుంటే, కండలోకి ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు డోసులు. చర్మం పొరల్లోకి ఇచ్చేదైతే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు, ప్రతిసారీ రెండు చోట్ల 0.1 మిల్లీలీటరు చొప్పున. చర్మంలో రోగనిరోధక వ్యవస్థకు కాపలా కణాలు దండిగా ఉంటాయి కాబట్టి అంత కొద్దిపాటి టీకా మందు చాలుతుంది. మా అమ్మ తరం వారిని భయపెట్టిన, బొడ్డు చుట్టూ వేసే పధ్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. గొర్రె మెదడుతో తయారయ్యే ఆ పాత టీకాను హిమాచల్ ప్రదేశ్ కసౌలీలో బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించారు. మన దేశంలో దాని తయారీ 2004 చివర ఆగిపోయింది.

అన్నిటికన్నా గట్టి ఆధారం కుక్కపిల్ల దగ్గరే ఉంది. కుక్క లాలాజలంలోకి వైరస్ రావాలంటే అది ముందు కుక్క మెదడును చేరాలి, అక్కడి నుంచి లాలాజల గ్రంథుల్లోకి దిగాలి. అంతవరకు వచ్చిన కుక్క కొద్ది రోజుల్లోనే జబ్బుపడి చనిపోతుంది. పది రోజులు గమనించమని వైద్యులు చెప్పేది ఇందుకే. పదో రోజున అది హుషారుగా తిని తిరుగుతోందంటే, కరిచిన రోజున దాని లాలాజలంలో వైరస్ లేదన్నమాట. ఈ లెక్క కుక్కకు, పిల్లికి మాత్రమే వర్తిస్తుంది. ఆ పది రోజులు చూద్దామని టీకా వాయిదా వేయకూడదు. టీకా మొదలుపెట్టి గమనించాలి, పది రోజులు గడిచాక మిగతా డోసుల సంగతి వైద్యులు చెబుతారు.

పదో రోజున మా కుక్కపిల్ల నా చెప్పు కొరికి పెరట్లో పాతిపెట్టింది. ఆ రాత్రి కూడా వంటింట్లో లైటు వెలిగింది.

సమాచారంతో తీరే భయం అయితే అప్పటికే తీరిపోవాలి. ఇక్కడ జరుగుతున్నది వేరు. మీరు ఇప్పుడే, నీళ్లేమీ తాగకుండా, వరుసగా ఆరేడు గుటకలు వేసి చూడండి. నాలుగో అయిదో గుటకకు గొంతు మొరాయిస్తుంది. మింగడానికి నోట్లో కాస్త లాలాజలం ఉండాలి, అది అయిపోతే ఎవరికైనా అంతే. పైగా భయంలో నోరు ఎండిపోతుంది. అంటే తమ్ముడు చేసుకుంటున్న పరీక్షే అతనికి కావలసిన లక్షణాన్ని పుట్టిస్తోంది. వేలి కొసల్లో తిమ్మిరి అన్నాడు. కంగారులో ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో నరాలు అతిగా స్పందిస్తాయి, వేళ్లూ పెదవులూ చిమచిమలాడతాయి. నిజమైన జలాతంకలో నీళ్లు మింగబోతే గొంతు కండరాలు బాధతో బిగుసుకుపోతాయి. కొందరికి ముఖానికి గాలి తగిలినా అలాగే అవుతుంది. రాత్రి రెండింటికి రెండు గ్లాసుల నీళ్లు తాగి పరీక్షించుకునే మనిషికి ఉన్నది అది కాదు.

నా తప్పు కూడా ఇందులో ఉంది. అడిగిన ప్రతిసారీ ఓపికగా జవాబు చెప్పాను. జవాబు వినగానే అతని మొహం తేటపడేది, గంట తిరిగేసరికి ఇంకో ప్రశ్న. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లో మందు పాడై ఉంటే? సూది వేసినచోట చర్మం మీద బొబ్బ సరిగా లేవలేదేమో? వార్విక్, సాల్కోవ్‌స్కిస్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 1985లోనే దీన్ని గురించి రాశారు. ధైర్యవచనం ఆందోళనను కాసేపు తగ్గిస్తుంది, ఆ ఉపశమనమే మళ్లీ అడిగేలా చేస్తుంది. అడిగితే హాయి కలుగుతుందని మెదడు నేర్చుకుంటుంది, అడగకుండా భయం దానంతట తగ్గే అవకాశమే రాదు. చికిత్సకు నాలుగు తేదీలున్నాయి, నాలుగోదానితో అది పూర్తవుతుంది. నూటికి నూరుపాళ్లు నమ్మకం కావాలనే కోరికకు మాత్రం ఆఖరి తేదీ లేదు. ఏడాది వరకు పట్టవచ్చని చదివినవాడు ఏడాది పొడవునా గుటకలు లెక్కపెట్టగలడు.

అందుకని ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఒకసారి జవాబు దొరికిన ప్రశ్నకు రెండోసారి జవాబు ఉండదు. అడిగితే నేను, "అది నిన్న చెప్పుకున్నాం. ఇవాళ చెప్పను. రా, కాసేపు కూర్చుందాం" అంటాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమయిందో చెప్పలేను. చెయ్యి చాచిన పిల్లవాడికి అన్నం పెట్టనట్టు ఉండేది. మొదటి రాత్రి అతను అరగంట సేపు కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు, ఆ తరువాత ఆవులించాడు. ఫోనులో వెతకడం మానేశాడు. దాహం వేస్తేనే నీళ్లు. చేతుల విషయంలో ఇంకా కష్టపడ్డాడు. రోజుకు ఎన్నిసార్లు కడిగాడో, వేళ్ల సందుల్లో చర్మం పగిలి మండేది.

ఇంటివారి తోడు చాలకపోతే, నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే మనోవైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే శిక్షణ ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఈ ఆందోళనకు బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. సరిహద్దులో ఉండేవారికి అదొక వెసులుబాటు.

ఇరవై ఎనిమిదో రోజు సూది కూడా పూర్తయింది. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే దాని టీకా కోసం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. తల కదలకుండా తమ్ముడే పట్టుకున్నాడు. సూది దిగాక అది అదే వేలిని ఆదుర్దాగా నాకింది. అతను దాన్ని నాకు అందించి, ఆవరణలో ఉన్న కుళాయి దగ్గరికి వెళ్లి చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఒక్కసారే.